టోరీ పైన్స్ లోయల్లో ఏ మొక్క ఎక్కడ ఉంది, ఎందుకుంది: రాళ్లతో మొదలుపెట్టి చెబుతాను

మీరు మూడు విషయాలు అడిగారు. కాలిఫోర్నియాలో శాన్ డియాగో పక్కన టోరీ పైన్స్ రిజర్వులో ఒకే లోయకి ఒక వైపు బూడిదరంగు పొదలు, ఎదురు వైపు ముదురాకుపచ్చ పొదలు ఎందుకున్నాయి? కొండ పైన ఎర్రగా, మధ్యలో తెల్లగా, బీచ్ దగ్గర పచ్చగా ఎందుకుంది? ఇదీ మన భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలూ ఒకటేనా? మూడింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. ఈ లోయల్లో ఏ మొక్క ఎక్కడ బతకాలో రాయి, ఎండ, ఉప్పుగాలి కలిసి తేల్చేశాయి. ఇక్కడ ఇళ్లు కట్టలేదు, బుల్‌డోజర్ దిగలేదు కాబట్టి అది ఇంకా కంటికి స్పష్టంగా కనిపిస్తోంది. నేను జియాలజీ చదివినవాణ్ణి, ఈ తీరంలో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. అందుకే రాళ్ల నుంచే మొదలుపెడతాను.

ముందు బీచ్‌కి దిగండి. లో టైడ్ ఉన్నప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గిన వేళ, ఫ్లాట్ రాక్ అనే బల్లపరుపు బండ దాకా నడిస్తే, కొండ అడుగున ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు పొర కనిపిస్తుంది. దీన్ని డెల్ మార్ ఫార్మేషన్ అంటారు. వయసు సుమారు 5 కోట్ల ఏళ్లు, ఇయోసీన్ కాలం నాటిది. ఇది బురద గట్టిపడి ఏర్పడిన రాయి, మధ్యమధ్యలో ఇసుక చారలుంటాయి. కొన్నిచోట్ల అందులో ఆల్చిప్పల వరస ఒకటి అడ్డంగా సాగిపోతుంటుంది. దగ్గరికెళ్లి చూడండి. చిప్పలు మందంగా, అంచులు విరిగి, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. విరిగిన చోట చిప్ప పొరలు పొరలుగా పేరుకున్న తీరు కూడా తెలుస్తుంది. ఆల్చిప్పలు ఇలా గుంపుగా పెరిగేది అలల తాకిడి లేని, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట. అంటే అప్పుడిక్కడ పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు ఉండేదన్నమాట.

దాని మీద తెలుపు, లేత గోధుమ రంగుల్లో లేచి నిలబడిన గోడ టోరీ శాండ్‌స్టోన్. అదీ ఇయోసీన్ కాలానిదే. సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డుగా ఉన్న ఇసుక తిన్నె ఇలా రాయిగా మారింది. ఒక పొర లోపల ఏటవాలు గీతలు వరసగా కనిపిస్తాయి చూడండి. నీటి ప్రవాహం ఇసుకను తోసుకుంటూ వెళ్లిన గుర్తులవి. గీతలు ఎటు వాలితే నీళ్లు అటు పోయాయని అర్థం. నాకు ఈ చోటు అంతగా నచ్చడానికి ఒక కారణముంది. ఫ్లాట్ రాక్ దగ్గర నిలబడి ఉత్తరం వైపు చూస్తే ఇవాళ్టి బీచ్, దాని వెనకాల లాస్ పెన్యాస్కిటోస్ లగూన్ (ఉప్పునీటి సరస్సు) ఉంటాయి. అదే ఇసుక తిన్నె, అదే సరస్సు, 5 కోట్ల ఏళ్ల కిందటి అమరికే మళ్లీ మన ముందుంటుంది.

అప్పటికి ఈ నేల ఇంకా దక్షిణాన ఉండేది. ఇది భూమి పైపెంకులో పసిఫిక్ ఫలకం అనే ముక్క మీదికి చేరాక, శాన్ ఆండ్రియాస్ భ్రంశం అనే పెద్ద చీలిక వెంబడి వాయవ్యంగా జరుగుతూ వచ్చింది. ఇప్పటికీ ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. శాన్ డియాగో చుట్టుపక్కల దొరికే గట్టి ఊదారంగు గులకరాళ్లు కొన్ని ఇప్పటి మెక్సికోలోని సొనోరా ప్రాంతపు అగ్నిపర్వత శిలల నుంచి ఒక పాత నది మోసుకొచ్చినవని తేలింది. ఆ నది తల అక్కడే ఉండిపోయింది, చివరి భాగం మనతో వచ్చేసింది.

ఇక పైనున్న ఎరుపు. రెడ్ బ్యూట్ దగ్గర, బ్రోకెన్ హిల్ దగ్గర మీరు చూసింది లిండా విస్టా ఫార్మేషన్. దీని వయసు సుమారు 10 లక్షల ఏళ్లే. కింది ఇసుకరాయికీ దీనికీ మధ్య 4.5 కోట్ల ఏళ్లకు పైగా కాలానికి ఇక్కడ ఒక్క పొర కూడా మిగల్లేదు. పేరుకున్నవేవైనా ఉంటే కొట్టుకుపోయాయి. నేల మెల్లగా పైకి లేస్తూ, సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలేసిన పాత బీచ్ ఇసుక అది. అందులోని బరువైన నల్ల ఇసుకలో ఇనుము ఉంటుంది. గాలీ నీరూ తగిలి ఆ ఇనుము తుప్పు పట్టింది. ఆ తుప్పే ఇసుక రేణువులను అంటించి గట్టి పైకప్పులా చేసింది. చాలాచోట్ల శనగగింజంత, రేగుపండంత ఎర్ర గులకలు నేలంతా పరుచుకుని ఉంటాయి. అవి తుప్పు ముద్దకట్టి గట్టిపడినవి. వాటిని గుర్తుంచుకోండి, మొక్కల దగ్గర మళ్లీ వస్తాయి.

లోయలు ఏర్పడింది ఈ పైకప్పు వల్లే. ఎర్ర పొర గట్టిది, కింది తెల్ల ఇసుకరాయి మెత్తనిది. వాన నీరు పైకప్పును ఎక్కడో ఒకచోట కోసిందంటే ఆ తర్వాత కింది రాయి త్వరగా కోసుకుపోతుంది. అందుకే ఈ లోయలు ఇరుకుగా, గోడలు నిటారుగా, నిలువు గాడులతో ఉంటాయి. దాదాపు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందుండేది. అప్పుడు పెన్యాస్కిటోస్ వాగు తన లోయను బాగా లోతుగా కోసుకుంది. సముద్రం మళ్లీ పెరిగాక ఆ లోయ నోట్లోకి ఉప్పునీరు, ఒండ్రు చేరి ఇప్పటి లగూన్ అయింది. పక్క లోయలు మాత్రం పొడిగానే ఉండిపోయాయి. ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, అదీ చలికాలంలోనే. విశాఖలో పడేదాంట్లో ఇది నాలుగో వంతు.

ఎర్రమట్టి దిబ్బల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పోలిక నిజమే. రెండు చోట్లా తీరం పక్కనే పేరుకున్న ఇసుక, రెండు చోట్లా ఇనుము ఆక్సీకరణం చెంది వచ్చిన ఎరుపు, రెండు చోట్లా వాన నీరు చెక్కిన నిటారు గోడల గండ్లు. తేడా ఏమిటంటే, భీమిలి దగ్గర పై నుంచి కింది దాకా ఉన్నదంతా భూగర్భ లెక్కలో కొత్త మట్టే, సరిగ్గా రాయి కూడా కాలేదు. ఇక్కడ ఎరుపు పైపూత మాత్రమే, దాని కింద 5 కోట్ల ఏళ్ల రాయి ఉంది. ఎర్రమట్టి దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్మారకంగా ప్రకటించారు. అయినా ఆ చుట్టూ ఒత్తిడి ఎలా ఉందో విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. టోరీ పైన్స్‌లో పరిస్థితి మెరుగ్గా ఉందంటే జనం ముందే మేలుకోబట్టే. 1899లోనే నగర పాలకమండలి 360కి పైగా ఎకరాలు పార్కుగా పక్కనపెట్టింది. తర్వాత ఎలెన్ బ్రౌనింగ్ స్క్రిప్స్ అనే దాత పక్క స్థలాలు కొని దానికి కలిపింది. 1921 నుంచి గై ఫ్లెమింగ్ అనే ప్రకృతి పరిశీలకుడు దాని బాగోగులు చూశాడు. ఇక్కడి ఒక ట్రెయిల్‌కి (నడక దారికి) ఆయన పేరే ఉంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. శాన్ డియాగో 33 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు. డిసెంబరులో అయితే 34 డిగ్రీల ఎత్తు కూడా దాటడు. దక్షిణానికి తిరిగిన వాలు నేరుగా ఎండకు మాడుతుంది, ఉత్తరానికి తిరిగిన వాలు చలికాలమంతా దాదాపు నీడలోనే గడుపుతుంది. విశాఖలో ఇంత తేడా కనిపించదు. అక్కడ డిసెంబరులో కూడా సూర్యుడు 49 డిగ్రీల దాకా లేస్తాడు, మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం ఉత్తరం వైపుకే పోతాడు. పైగా కాలిఫోర్నియాలో వాన పడేదీ మొక్క పెరిగేదీ చలికాలంలోనే. సరిగ్గా అప్పుడే రెండు వాలుల మధ్య తేడా అన్నిటికన్నా ఎక్కువ. కురిసిన కాస్త తేమ ఒక వైపు వారాల తరబడి నిలుస్తుంది, ఎదురు వైపు నాలుగు రోజుల్లో ఎగిరిపోతుంది.

దాంతో ఒకే లోయలో రెండు వేర్వేరు సమూహాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఎండ వైపున్న బూడిదరంగు పొదలను కోస్టల్ సేజ్ స్క్రబ్ అంటారు. కాలిఫోర్నియా సేజ్‌బ్రష్, బ్లాక్ సేజ్, బక్‌వీట్ దీంట్లో ముఖ్యమైనవి. సేజ్‌బ్రష్ మన మాచిపత్రికి దగ్గరి బంధువు, ఇద్దరిదీ ఆర్టిమీసియా ప్రజాతే. ఆకును వేళ్లతో రాస్తే వాసనలో ఆ చుట్టరికం తెలిసిపోతుంది. ఈ పొదల వేర్లు లోతుకు పోవు. ఎండాకాలాన్ని నీళ్లు వెతికి కాదు, ఆకులు రాల్చి దాటేస్తాయి. సెప్టెంబరులో చూసినవాళ్లు ఎండిపోయాయనుకుంటారు, నవంబరులో ఒక్క వాన పడితే మళ్లీ చిగురిస్తాయి. వీటి మధ్య నాగజెముడు, మొహావి యక్కా కూడా ఉంటాయి. కాలిఫోర్నియా నాట్‌క్యాచర్ అనే చిన్న బూడిదరంగు పిట్ట బతికేది ఈ పొదల్లోనే. తీరం పొడుగునా ఇళ్లు లేచి సేజ్ స్క్రబ్ పోయేసరికి 1993లో దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

నీడ వైపుదీ పై బల్లపరుపు నేల మీదదీ చాపరల్. ఇక్కడ ఆకు చిన్నది, దళసరిది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. వేరు లోతుకు పోయి బండ పగుళ్లలో తేమ వెతుక్కుంటుంది. స్క్రబ్ ఓక్, టోయాన్, మిషన్ మాంజనీటా, కాడ మీద పులిపిర్లలాంటి బుడిపెలుండే సియానోథస్ ఇక్కడివే. తరచూ సముద్రపు పొగమంచు తగిలే ఇసుక నేలల మీద పెరిగే ఈ రకానికి సదరన్ మారిటైమ్ చాపరల్ అని ప్రత్యేకంగా పేరుంది. ఇది మిగిలింది తీరం వెంట చాలా తక్కువ చోట్ల.

రెండు వాలుల్లోనూ కనిపించే లెమనేడ్ బెర్రీ, లారెల్ సుమాక్ అనే పొదలు మన మామిడి, జీడిమామిడి కుటుంబానివే. లారెల్ సుమాక్ మంచు గడ్డకట్టే చలికి తట్టుకోలేదు. అందుకే పూర్వం ఇక్కడి రైతులు అది పెరిగే చోటు చూసుకుని నిమ్మజాతి, అవకాడో తోటలు వేసేవారు. ఇదే కుటుంబంలో పాయిజన్ ఓక్ కూడా ఉంది, నీడ వైపు తేమ ఉన్న చోట. మూడేసి ఆకులు, కొత్త చిగురు ఎర్రగా నిగనిగలాడుతుంది. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో విన్నారుగా, దీని జిగురులోనూ అలాంటి పదార్థమే ఉంది. మామిడి సొన పడనివాళ్లు, జీడి తొక్క నూనె పడనివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి ముందు ఈ మొక్కను వాళ్లకు చూపించండి.

ఇక ఈ రిజర్వుకు పేరిచ్చిన టోరీ పైన్ చెట్టు. 1850లో చార్లెస్ ప్యారీ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని గుర్తించి, తన గురువు జాన్ టోరీ పేరు పెట్టాడు. సూదులు అయిదేసి ఒక కట్టగా, జానెడుకు పైగా పొడుగుంటాయి. ప్రపంచంలో ఇది సహజంగా పెరిగేది రెండు చోట్లే: ఈ తీరం, ఇక్కడికి సుమారు 280 కిలోమీటర్ల దూరంలోని శాంటా రోజా ద్వీపం. 1983లో వచ్చిన జన్యు పరిశోధనలో ఒక్కో చోటి చెట్ల మధ్య పరీక్షించిన ఎంజైముల్లో ఏ తేడా కనబడలేదు. ఒకప్పుడు ఈ జాతి అతి కొద్ది చెట్లకు కుంచించుకుపోయి, వాటి నుంచే మళ్లీ పెరిగిందని దీన్నిబట్టి అనుకుంటున్నారు. అన్ని చెట్లూ ఒకే పోత కాబట్టి ఒకదాన్ని చంపిన తెగులు పక్కదాన్నీ చంపగలదు. 1980ల చివర కరువులో బెరడు పురుగు పట్టి ఎన్నో చెట్లు పోయాయి. ఎండిన మోళ్లు ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి.

ఈ చెట్టు ఇంత తక్కువ వానలో ఎలా బతుకుతోందంటే, మే, జూన్ నెలల్లో పొద్దున్నే సముద్రం మీంచి వచ్చే పొగమంచు వల్ల. ఇక్కడివాళ్లు దాన్ని మే గ్రే, జూన్ గ్లూమ్ అంటారు. పొడుగాటి సూదులు ఆ మంచును పట్టుకుని బొట్లుబొట్లుగా చెట్టు కిందే రాలుస్తాయి. ఇసుకరాయి దాన్ని పీల్చుకుంటుంది. పగుళ్లలో దిగిన వేరు దాన్ని అందుకుంటుంది. రాయి, మంచు, సూది మూడూ కుదిరిన చోటే చెట్టు నిలబడింది. కొండ అంచున ఉప్పుగాలికి వంగి మనిషెత్తు దాటనివాటిని చూసి ఇది మరుగుజ్జు చెట్టనుకోవద్దు. సారవంతమైన నేలలో నీళ్లు పోసి పెంచితే నిటారుగా ఆకాశానికి లేస్తుంది. శాంటా బార్బరా దగ్గర కార్పింటీరియా ఊళ్లో నాటిన చెట్టు ఒకటి మహావృక్షమైంది. ఇక్కడి చెట్టు రూపం చాలావరకు ఈ గాలి, ఈ రాయి ఇచ్చిందే.

ఎర్ర గులకలు గుర్తున్నాయా? ఈ ప్రాంతంలో పొదల్లేని ఎర్ర గులకల నేల మీద షార్ట్-లీవ్డ్ డడ్లియా అనే మొక్క బతుకుతుంది. చలికాలపు వానకి నాలుగైదు బొద్దు ఆకులు నేలకంటుకుని వస్తాయి. ఒక్కో ఆకు చిన్న గోళీ అంత ఉంటుంది, రంగూ ఆకారమూ పక్కనున్న గులకలాగే ఉంటాయి. నేల మీద మోకరిల్లి చూసినా ఏది రాయో ఏది ఆకో వెంటనే తేలదు. వసంతంలో చిన్న తెల్ల పూలు పూసి, ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ మాయమై నేల కింది చిన్న దుంపగా మిగులుతుంది. పక్కన గడ్డి మొలిచి నీడ కప్పినా బతకలేదు. గట్టి ఎర్ర నేల మీద వేరే మొక్కలు నిలదొక్కుకోలేవు కాబట్టే దానికి చోటు దొరికింది. లా హోయా, డెల్ మార్ పరిసరాలు తప్ప ఇది ఎక్కడా లేదు. 1982లో కాలిఫోర్నియా దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. ఆగస్టులో దారి తప్పి నడిచే మనిషికి అక్కడ కనిపించేది ఖాళీ నేలే, తొక్కేది మాత్రం దీన్ని. ఇసుక మీద నల్లగా పెచ్చు కట్టినట్టుండే పొర కూడా అలాంటిదే. సయనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి ఇసుకను కట్టిపడేసిన పొర అది. అడుగు పడితే విరుగుతుంది, మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. అది విరిగిన చోట వాన నీరు కొత్త గాడి తీస్తుంది. ట్రెయిల్ దాటొద్దని బోర్డులు పెట్టింది ఇందుకే, దయచేసి పాటించండి.

లగూన్ అంచున పికిల్‌వీడ్, సాల్ట్‌గ్రాస్ లాంటి ఉప్పు తట్టుకునే మొక్కలుంటాయి. లోయ అడుగున తేమ నిలిచే చోట విల్లో, మ్యూల్‌ఫ్యాట్. పెద్ద ఓక్, సికమోర్ చెట్లు చూడాలంటే లోపలికి, పెన్యాస్కిటోస్ కాన్యన్ ప్రిజర్వుకి వెళ్లాలి. అక్కడ వాగు గట్టి పాత అగ్నిపర్వత శిలల మీంచి దూకుతుంది, అది వేరే కథ.

"ఎవరూ ముట్టని చోటు" అని మీరు రాశారు. అది సగమే నిజం. ఈ నేల వేల ఏళ్లుగా ఇక్కడి ఆదివాసులైన కుమెయాయ్ ప్రజలది. టోరీ పైన్ గింజలు వాళ్లకు ఆహారం. తర్వాత పశువులు మేశాయి. రైలు కట్ట, రోడ్డు లగూన్‌లో నీటి రాకపోకలను కుదించాయి. ఇసుక పేరుకుని దాని నోరు మూసుకుపోతుంటే యంత్రాలతో తెరుస్తున్నారు. ఎగువ కాలనీల పచ్చిక బయళ్లకు పెట్టే నీళ్లు ఎండాకాలంలో కూడా కిందికి దిగి ఉప్పునీటి మొక్కలుండే చోట తుంగజాతి మొక్కలను పెంచుతున్నాయి. వాలు జారకుండా ఉంటుందని దక్షిణాఫ్రికా నుంచి తెచ్చి నాటిన ఐస్ ప్లాంట్ చోటు దొరికిన చోటల్లా పాకుతోంది. పసుప్పచ్చ పూల ఆవ జాతి కలుపు సంగతీ అంతే. అది జూన్‌కల్లా ఎండి, నిప్పు అంటుకుంటే చాలు సేజ్ పొదల దాకా మంట పాకిస్తుంది. మంటలు వెంటవెంటనే వస్తే సేజ్ స్క్రబ్ తిరిగి లేవలేదు, ఆ చోటంతా గడ్డి ఆక్రమిస్తుంది. వాలంటీర్లు ఏళ్ల తరబడి చేత్తో కలుపు పీకుతున్నారు కాబట్టే లోపలి లోయలు ఇలా ఉన్నాయి. మీకు వారాంతంలో తీరిక ఉంటే వాళ్లతో చేరండి, నాలుగు నెలల్లో మొక్కలన్నీ పేరు పెట్టి పిలుస్తారు.

చూసే పద్ధతి ఇలా పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, లో టైడ్ వేళ చూసుకుని వెళ్లండి. ముందు బీచ్‌లో డెల్ మార్ పొర, దాని మీద టోరీ శాండ్‌స్టోన్ మొదలయ్యే గీత వెతకండి. ఇసుకరాయి గుండా దిగిన నీరు బురదరాయి దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ గీత వెంట తేమ చారలు, పచ్చదనం కనిపించే చోట్లుంటాయి. కొండ చరియలు విరిగిపడేది కూడా చాలావరకు ఇలా నీరు దిగిన చోటే. 2019 ఆగస్టులో ఇక్కడికి ఉత్తరాన ఎన్సినీటస్ బీచ్‌లో చరియ కూలి ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. కాబట్టి చూడటం దూరం నుంచి, దుప్పటి పరిచి కూర్చోవడం మాత్రం గోడకి దూరంగా నీళ్ల వైపు. తర్వాత బ్రోకెన్ హిల్ ట్రెయిల్ ఎక్కండి. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ప్రతి మలుపులోనూ వాలు ఎటు తిరిగిందో చూసి, మొక్కను ఊహించి, ఆ తర్వాత తలెత్తి చూడండి. ట్రెయిల్ మీద మంచినీళ్లు తప్ప తిండి తీసుకెళ్లకూడదు, కుక్కలను రానివ్వరు, కాయలు ఏరకూడదు. మొక్కల ఫొటోలు తీసుకున్నాక ఇక్కడే పెట్టండి, ఏ వాలు మీద తీశారో రాస్తే పేర్లు చెబుతాను.